మెయిలుకి చక్కెర పెట్టిందెవరు?

"ఏవండీ! మెయిలు పడిపోయిందండీ!"

మాణిక్యమ్మ కేక విని వెంకటప్పయ్య సగం గీసుకున్న గడ్డంతో వరండాలోకి పరుగెత్తాడు. కుక్క పక్కకి ఒరిగిపోయి నాలుగు కాళ్లూ కొట్టుకుంటోంది. నోటి వెంట నురగ. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవర్నీ చూడటం లేదు.

"ఎవరో మళ్లీ తీపి పెట్టారు," అన్నాడు వెంకటప్పయ్య. "ఇవాళ వాణ్ణి వదలను."

"ముందు రిక్షా పిలవండి. దొంగని తర్వాత పట్టుకుందురు గాని!"

వెంకటప్పయ్య ముప్ఫై ఏళ్లు రైళ్లలో టిక్కెట్లు తనిఖీ చేసి, డెబ్భై రెండులో రిటైరై గుణదలలో ఇల్లు కట్టుకున్నాడు. టిక్కెట్టు లేనివాణ్ణి మొహం చూసి పసిగట్టేవాడు. సర్వీసు మొత్తంలో ఆయన జరిమానా వెయ్యకుండా వదిలేసిన ప్రయాణికురాలు ఒక్కతే, మద్రాసు మెయిల్లో బెంచీ కింద దొరికిన గుప్పెడు కుక్కపిల్ల. పిల్లల్లేని ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా పిల్లంటే అదే.

పన్నెండు రోజుల క్రితం పశువుల డాక్టరు హనుమయ్య దానికి షుగరు వ్యాధి అని తేల్చాడు.

"రోజూ పొద్దున ఎనిమిది యూనిట్లు ఇన్సులిన్ పొడవండి. దాని మూత్రం కాసిని చుక్కలు ఈ నీలం మందులో వేసి మరగబెట్టండి. నీలంగానే ఉంటే మంచిది. ఇటుక రంగుకి తిరిగిందా, చక్కెర ఎక్కువున్నట్టు. రెండు యూనిట్లు పెంచండి. మూత్రంలో నీళ్లు కలవకూడదు సుమండీ!"

మాణిక్యమ్మ ఇంకో షరతు పెట్టింది. "కుక్క ఉచ్చ పట్టిన సీసా మళ్లీ నా గడప తొక్కకూడదు."

అందుకని వెంకటప్పయ్య పుల్లయ్య ఆయుర్వేదం కొట్టు నుంచి ఖాళీ సీసాలు ఒక సంచెడు తెచ్చాడు. రోజుకొకటి వాడి పారేసేవాడు. నీళ్లు తగలకూడదన్నారు కదా అని ఒక్కదాన్నీ కడగలేదు. తెల్లారగానే సీసా పట్టుకుని మెయిలు వెనకాలే వంగి నడిచేవాడు. వీధి వీధంతా చూసేది. ఆయనకేం సిగ్గనిపించలేదు.

మొదటి రోజు ఇటుక రంగు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. మందు పెరుగుతోంది, కుక్క తిండి సగానికి తగ్గింది, రంగు మాత్రం మారటం లేదు. అంటే ఎవరో దొంగచాటుగా తీపి పెడుతున్నారు. వెంకటప్పయ్యలో పాత ఉద్యోగి లేచి కూర్చున్నాడు.

మొదటి అనుమానం పక్కింటి పద్మావతమ్మ మీద. ఆవిడ సత్యనారాయణ వ్రతం చేసుకుంది. గోడ దగ్గర నిలబెట్టి, ప్రసాదం ఎవరెవరికి ఎన్ని ముద్దలు పంచిందో చెప్పమన్నాడు.

"మీ కుక్కకి పెట్టడానికా అండీ నేను నోములు నోచేది?" అందావిడ. ఆ రోజుతో గోడ మీదుగా పాలలోకి తోడు రావటం ఆగిపోయింది.

తర్వాత శౌరమ్మ. వాకిలి ఊడ్చే మనిషి. కళ్లు తెరవని మెయిలుకి దూది ముంచి పాలు పట్టింది ఆమే. మేరీమాత తిరునాళ్ల మర్నాడు పనికొచ్చినప్పుడు ఆమె కొంగున ముడి కనిపించింది. వెంకటప్పయ్య నడివీధిలో విప్పించాడు. బూందీ లడ్డు!

"మనవరాలికండీ అయ్యగారూ," అంది శౌరమ్మ.

"ఇలాంటి సాకులు ముప్ఫై ఏళ్లలో పదివేలు విన్నా! దొరికిన దొంగవి, ఇక నడు!"

కుళాయి దగ్గర ఆడవాళ్లంతా తిరిగి చూశారు. శౌరమ్మ చీపురు గోడకి ఆనించి వెళ్లిపోయింది. మెయిలు గేటు దాకా వెళ్లి, సాయంత్రం వరకూ అక్కడే పడుకుంది.

మర్నాడు మళ్లీ ఇటుక రంగు. "ముఠా ఉంది," అన్నాడు వెంకటప్పయ్య. చక్కెర డబ్బాకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

"పక్కింటావిడ అయింది, పనిమనిషి అయింది. ఇక నేనా?" అంది మాణిక్యమ్మ.

"రూలంటే రూలే మాణిక్యం."

ఇద్దరూ చేదు కాఫీ తాగారు. రెండేసి పెరుగుతూ మెయిలుకి ఇవాళ పొద్దున ముప్ఫై యూనిట్లు పడ్డాయి.

డాక్టరు హనుమయ్య కుక్కని చూస్తూనే నరానికి గ్లూకోజు ఎక్కించాడు. బల్ల మీద అది పోసుకున్న మూత్రాన్ని పింగాణీ పళ్లెంలోకి లాగి, మందులో వేసి మరగబెట్టాడు. నీలం.

"దీని ఒంట్లో చక్కెర బొత్తిగా లేదండీ. అందుకే పడిపోయింది."

"అసాధ్యం! పొద్దున కూడా ఇటుక రంగే. సాక్ష్యం తెచ్చాను." వెంకటప్పయ్య సంచీ బల్ల మీద పెట్టాడు. రోజువారీ లెక్కల పుస్తకం, పొద్దున వాడిన సీసా, రేపు వాడవలసిన సీసా.

డాక్టరు రేపటి సీసా మూత తీసి వాసన చూశాడు. అందులో కాసిని పంపునీళ్లు పోసి, గిలకొట్టి, నీలం మందులో వేసి మంట మీద పెట్టాడు. ముగ్గురూ వంగి చూశారు. ఆకుపచ్చ. పసుపు. ఇటుక రంగు.

"ఈ పంపుకి కూడా ఇన్సులిన్ పొడుద్దామంటారా?" అన్నాడు డాక్టరు. ఆ వెంటనే ఆ మాట అన్నందుకు నొచ్చుకున్నాడు. "తేనె సీసాలండీ ఇవి. అడుగున అంటుకునే ఉంది. మొదట చెప్పిన ఎనిమిదే దానికి సరిపోయేది."

వెంకటప్పయ్య మొలతాడు నుంచి చక్కెర డబ్బా తాళంచెవి విప్పి మాణిక్యమ్మ చేతిలో పెట్టాడు.

గంటకి మెయిలు తల ఎత్తింది. డాక్టరు దాని కళ్ల ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప పడలేదు.

"ప్రాణం దక్కింది. చూపు వస్తే నాలుగు రోజుల్లో రావాలి. రాకపోతే ఇక అంతే."

రిక్షా ఇంటి ముందు ఆగలేదు. వెంకటప్పయ్య దాన్ని శౌరమ్మ ఉండే సందులోకి తిప్పమన్నాడు. అక్కడి కుళాయి దగ్గరా బిందెలు వరసలో ఉన్నాయి. శౌరమ్మ బిందె వదిలేసి వచ్చి, రిక్షా పట్టుకుని ఆగిపోయింది.

"ఏందమ్మగారూ, ఇది నన్ను చూట్టం లేదేంది?"

ఆ గొంతు విని మెయిలు మొహం అటు తిప్పింది. గాలిలో ముక్కుతో వెతికి, ఆమె చేతిని దొరకబుచ్చుకుని, నాకుతూ ఉండిపోయింది. మాణిక్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నోరు లేని దానికి ఇంత పని చేసినోడు ఎవడు అయ్యగారూ? దొరికాడా?"

కుళాయి దగ్గరివాళ్లు తిరిగి చూశారు. వెంకటప్పయ్య రిక్షా దిగి, సందులో అందరికీ వినపడేలా, కేసు రాయించేటప్పటి గొంతుతో చెప్పాడు.

"దొరికాడు. పేరు తూమాటి వెంకటప్పయ్య, రిటైర్డు టిక్కెట్ ఎగ్జామినరు."