ఖాసిం వలి విమానానికి తెప్పలు

మంగళవారం పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ హుసేనమ్మ మొగుడికి గడువు పెట్టింది. ఆదివారం కూతురు షాహనా పురుటికి వస్తోంది. అంతలోగా విమానం ఎగరాలి, లేదా గది ఖాళీ కావాలి.

"ఉండేది ఒక గది. దాంట్లో మంచమన్నా పట్టల్ల, నీ ఇమానమన్నా పట్టల్ల. ఎగిరిందా, దూలానికి కట్టి దాపెడ్తా. ఎగరలేదా, రెక్కలు పీకి చిక్కుడు తీగకు పందిరేస్తా" అంది. హుసేనమ్మ మాట అంటే చేసి తీరే మనిషి. ఖాసిం వలికి టీ సహించలేదు.

ఆయనకు ఏభై రెండేళ్ళు. కోడుమూరు అవతల రాళ్ళదిన్నెలో బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా పాతాళంలోంచి నీళ్ళు తోడే మోటార్లతోనే బతుకు గడిచింది. పైకి పోయే మోటారు ఒక్కటైనా చేయాలని ఆశ పుట్టి పంతొమ్మిది నెలలైంది. ఫోము కోసి ఒళ్ళు చేశాడు, ఐదడుగుల రెక్కలు అతికించాడు, ముక్కుకు బుల్లి మోటారు పెట్టాడు, రిమోటు తెప్పించాడు. అన్నీ కుదిరాయి, నేల ఒక్కటే కుదరలేదు. ఊరి పేరులోనే రాళ్ళున్నాయి మరి! విమానం పది అడుగులు పరుగెత్తేసరికి చక్రం ఏ రాయికో తగలడం, ముక్కు భూమికి గుద్దుకోవడం. మూడుసార్లూ అదే తంతు. ఇన్నాళ్ళకూ అది జానెడు ఎత్తు లేచింది లేదు. ఒక్కసారి అది గాలిలో ఉండగా కింద నిలబడి తల ఎత్తి చూడాలి. ఆ ఒక్కటీ అయితే చాలు, ఖాసిం వలి ఇంకేమీ అడగడు.

ఎవరో విదేశీయుడు సరస్సు మీద నుంచి ఇలాంటి విమానాన్నే లేపుతున్న వీడియో ఒకటి ఫోనులో కనబడింది. దాని కింద చక్రాలు లేవు, రెండు తెప్పలున్నాయి. నీళ్ళలో రాళ్ళు కాళ్ళకడ్డం రావు కదా అని ఖాసిం వలి ఎగిరి గంతేశాడు. నీళ్ళ సంగతీ ఆలోచించుకున్నాడు. దేవేంద్రప్ప తోటలో ప్లాస్టిక్కు పరిచిన నీటికుంట ఉంది, పొడవు అరవై అడుగులు. విమానం లేవడానికి అది సరిపోతుంది. ఊరి చెరువును తలుచుకునే పనే లేదు. అందులో నీళ్ళు నిలిచి పదకొండేళ్ళయింది. సగం ఊరు దాని కడుపులోనే వేరుశనగ పండించుకుంటోంది.

చేపల బండి వాడి దగ్గర థర్మకోల్ పెట్టెలు అడిగి తెచ్చి, పడవల్లా చెక్కి, టేపు చుట్టి, సైకిలు స్పోకులతో విమానం పొట్ట కింద బిగించాడు. తెప్పల మూతులు మోటారు కంటే ముందుకు చాచి ఉండాలి. లేకపోతే నీళ్ళు తగలగానే విమానం ముక్కు ముంచుకుంటుంది. కొలతలు సరిచూసుకుని, హుసేనమ్మ బట్టలు నానేసిన గాబులో మెల్లగా వదిలాడు. సబ్బునురగ మధ్య అది చక్కగా తేలింది. ఖాసిం వలి కళ్ళు చెమర్చాయి, కొంత సబ్బు వల్ల కూడా కావచ్చు.

టీ హోటలు రామలింగప్ప అటుగా పోతూ ఆగాడు.

"ఏమప్పా ఖాసిమూ, ఏం చేస్తాండావు?"

"ఇమానానికి తెప్పలు కట్టినాన్నా. నీళ్ళ మీద దిగల్ల కదా."

"నీళ్ళు యాడుండాయప్పా?"

దేవేంద్రప్పను ఇంకా అడగలేదు. అడగకముందే ఊరంతా తెలిస్తే ఆ పెద్దమనిషి బిగుసుకుంటాడు. అందుకని ఖాసిం వలి గొంతు తగ్గించి, "ఆదివారానికి ఉంటాయిలేన్నా. ఎవురికీ చెప్పాకు" అన్నాడు.

రామలింగప్ప ఇంకేమీ అడగలేదు. అడగాల్సిన పనేముంది? ఖాసిం వలి మూర వైరు కోయడానికి మూడుసార్లు కొలిచే మనిషి. అవసరం లేని నట్టు ఒక్కటి బిగించి ఎరగడు. ఆయన బామ్మర్ది జావేదు నీళ్ళ ఇంజనీరు గారి జీపు డ్రైవరు. శ్రీశైలం గేట్లన్నీ ఎత్తారని, నీళ్ళు సముద్రం పాలవుతున్నాయని టీవీలో వారం రోజులుగా చూపిస్తున్నారు. ఇవన్నీ కలిపితే ఏమవుతుందో రామలింగప్పకు హోటలు చేరేలోగానే తెలిసిపోయింది. ఎవరికీ చెప్పవద్దన్నాడు కనుక, టీ తాగడానికి వచ్చిన వాళ్ళను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి చెప్పాడు.

బుధవారం తెల్లవారేసరికి బసమ్మ గుమ్మంలో ఉంది. చెరువు లోపల ఎకరన్నర వేరుశనగ ఆమెది.

"ఖాసిమన్నా, నీళ్ళు ఆదివారమే వస్తాయా? నా శెనక్కాయ ఇంగా పది దినాలుండల్లన్నా!"

"చెరువుకు నీళ్ళేంది తల్లీ? రావు."

"రాకుంటే తెప్పలేంటికి?"

"అవి ఇమానానికి."

"ఇమానానికి తెప్పలేంటికి?"

"నీళ్ళ మీద దిగనీకి."

"నేను మొత్తుకునేది అదే కదన్నా!" అని బసమ్మ ఏడుపు ముఖంతో చేనికి పరుగెత్తింది.

ఆమె చెట్లు పీకడం చూసి పక్క చేనివాళ్ళు పీకారు. వాళ్ళను చూసి అందరూ పీకారు. గురువారం సాయంత్రానికి చెరువు కడుపు నున్నగా అయింది, గడ్డిపోచ మిగల్లేదు. కట్ట కింద రైతులు వరి నారుమడులకు దుక్కి చేశారు. చిన్న ఈరన్న వల కొనుక్కొచ్చి, అలవాటు కావాలని ఇంటి ముందు కోళ్ళ మీద విసిరాడు. కోళ్ళు పడ్డాయి. ఖాసిం వలి వీధి వీధీ తిరిగి నీళ్ళు రావని చెప్పాడు. ఎంత చెబితే అంత నమ్మకం పెరిగింది, పైవాళ్ళు నోరు విప్పవద్దన్నారు కాబోలు పాపం అని జాలిపడ్డారు.

శుక్రవారం విమానాన్ని నెత్తిన పెట్టుకుని ఖాసిం వలి దేవేంద్రప్ప తోటకు పోయాడు. నీటికుంటలో చుక్క లేదు. ప్లాస్టిక్కు పట్ట గట్టు మీద ఎండుతోంది.

"దేవేంద్రన్నా, నీళ్ళేవీ?"

"చెరువే నిండుతాంటే ఈ గుంతెందుకప్పా? అన్నీ కందికి పారిస్తిని. అంతా నీ దయ!" అని దేవేంద్రప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఖాసిం వలి గట్టు మీద కూలబడ్డాడు. చుట్టుపక్కల ఉన్న ఒక్క నీటిగుంతనూ తన తెప్పలే ఎండబెట్టాయి. రెండు రోజుల్లో విమానం చిక్కుడు పందిరి అవుతుంది. ఆయనకు మొదట ఏడుపు వచ్చింది, తరువాత ఒళ్ళు మండింది. నేరుగా రామలింగప్ప హోటలు ముందుకొచ్చి, నలుగురూ చూస్తుండగా తెప్పలు ఊడబీకి కాలితో తొక్కి ముక్కలు చేశాడు.

"సూడండప్పా! నీళ్ళు లేవు! తెప్పలూ లేవు!"

ఇంటికి పోయి పాత చక్రాలు బిగించి తలుపేసుకున్నాడు.

హోటలు ముందు జనం తెప్పల ముక్కలు ఏరి తిప్పి తిప్పి చూశారు. చివరికి రామలింగప్ప అన్నాడు, "అంటే, మన నీళ్ళు ఎవురో మళ్ళించుకుండారు."

శనివారం రెండు ట్రాక్టర్లలో ఊరు ఊరంతా ఇంజనీరు ఆఫీసు ముందు దిగింది. ఇంజనీరు గోపీనాథ్ బీరువాలన్నీ తీయించి వెతికాడు. రాళ్ళదిన్నెకు నీళ్ళిచ్చిన కాగితం లేదు, రద్దు చేసిన కాగితమూ లేదు. "మీకు నీళ్ళిస్తామని ఎవరన్నారమ్మా?" అని అడిగితే, బసమ్మ విరిగిన థర్మకోల్ ముక్క ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇది తెప్ప. దీన్ని ఎవురు పీకమన్నారో చెప్పండి సారూ."

ఇంజనీరు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇలాంటి అర్జీ ఆయన చేతికి రాలేదు. ముక్కను ఫైలు మీద పెట్టి "పరిశీలిస్తాం" అన్నాడు. ఆ మాట వినగానే తప్పు జరిగిందని జనానికి ఖాయమైపోయింది, అందరూ మెట్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. సాయంకాలం దాకా చూసి ఆయన పైకి ఫోను చేశాడు. కాలువ ఎలాగూ పొర్లుతోంది, ఇస్తే పోయేదేముంది అన్నారు పైవాళ్ళు. పొద్దున్నే కాలువ తూము ఎత్తించి చెరువుకు నీళ్ళు వదులుతానని మాటిచ్చాడు. ఆ మాట మీద నమ్మకం చాలక జనం ఊరికి రాకుండా, వంట సామాను దింపుకుని తూము దగ్గరే కాపలా పడుకున్నారు. ఈ కబురు చెప్పాలని జావేదు బావకు ఆరుసార్లు ఫోను చేశాడు. ఖాసిం వలి ఎవరి ముఖమూ చూడలేక ఫోను ఆపేసుకుని ఉన్నాడు.

ఆదివారం పొద్దున బయటికి వస్తే ఊళ్ళో మనిషి అలికిడి లేదు. తనను తిట్టుకుంటూ అందరూ ఎటో పోయి ఉంటారనుకున్నాడు. గది ఖాళీ చేసేముందు ఒక్కసారి చెరువు కట్ట దాకా తీసుకుపోదామని విమానం ఎత్తుకున్నాడు. హుసేనమ్మ చీపురు చేత్తో పట్టుకునే వెంట వచ్చింది. కట్ట ఎక్కి చూసి ఖాసిం వలి గబగబా చెరువులోకి దిగాడు. ఎదురుగా అరవై ఎకరాల ఒండ్రునేల నున్నగా, చదునుగా పరుచుకుని ఉంది. ఎంత వెతికినా గులకరాయి కనబడదు.

విమానం ముప్ఫై అడుగులు పరుగెత్తి, ఒకసారి ఊగి, లేచింది. కట్టెత్తు దాటి, తుమ్మచెట్ల మీదుగా ఎండలోకి పోయి తిరిగింది. ఖాసిం వలి తల ఎత్తి చూస్తూ పసిపిల్లవాడిలా ఏడ్చేశాడు. హుసేనమ్మ చీపురు కింద పడేసింది. "ఎగిరిందయ్యో! నిజంగానే ఎగిరింది!" అని ఆయన భుజం పట్టుకుని కుదిపింది. పంతొమ్మిది నెలల్లో ఆమె ఆయనను మెచ్చుకున్నది అప్పుడే.

మూడో చుట్టు తిరుగుతుండగా అటువైపు నుంచి డప్పులు వినిపించాయి. "అదేంది?" అంది హుసేనమ్మ. చెరువులో కలిసే వాగు మలుపులో నుంచి ఊరి జనం చిందులేస్తూ వస్తున్నారు. వాళ్ళ వెనకే ఎర్రటి నీళ్ళు నురగలు కక్కుతూ చెరువులోకి జొరబడుతున్నాయి. బ్యాటరీ మొత్తం ఎనిమిది నిమిషాలది. ఐదు అయిపోయాయి. దిగడానికి మిగిలిన పట్టెడు నేల మీద బసమ్మ ముందుండి జనమంతా ఆడుతున్నారు. ఖాసిం వలి "జరగండి! జరగండప్పా!" అని కేకలు వేశాడు. తమను చూసి సంబరపడుతున్నాడనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా ఆడారు.

మోటారు ఆగిపోయింది. విమానం జనం మీదుగా తేలుతూ పోయి, నీళ్ళకు చక్రాలు ఆనించి, ఒక పల్టీ కొట్టి వెల్లకిలా పడింది. పైకి లేచిన రెండు చక్రాలూ తీరిగ్గా తిరుగుతున్నాయి. మోకాటి లోతు నీళ్ళలో దాన్ని మోసుకొచ్చి రామలింగప్ప ఖాసిం వలి చేతుల్లో పెట్టాడు, ఎంతో నొచ్చుకున్నాడు.

"ఏమప్పా ఖాసిమూ! నీళ్ళొస్తాయని ఊరందరికీ చెప్పినోడివి, నువ్వు చక్రాలేసుకోని వస్తివేందప్పా!"