నాలుగు మూలలా పసుపు

ఆ గురువారం తెల్లవారినా తెనాలి మీద వెలుతురు పడలేదు. రాత్రంతా కురిసిన మబ్బు, ఇంకా కురవాలో మానాలో తేల్చుకోలేక ఇళ్ల కప్పుల మీద వంగి కూర్చుంది. శ్రావణ మాసం. ఆరేసిన బట్ట ఆరదు, గీసిన అగ్గిపుల్ల అంటుకోదు, రాసిన సిరా తడి విడవదు.

శేషగిరిరావు బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాడు. సొంత ఊరు భట్టిప్రోలు. తెనాలిలో సుబ్బరత్నమ్మగారి ఇంటి వెనక గదిలో అద్దెకుంటూ, కిరసనాయిలు స్టవ్వు మీద తనే వండుకుంటాడు. వంటంటే అన్నం, పప్పు. మిగిలిందంతా టీ. ఒకసారి వేసిన టీపొడిని మూడుసార్లు మరిగించేవాడు. మూడోసారి వచ్చేది టీ అని అతనికి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

ఇంట్లోవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. అతను ఆరు నెలలుగా నవల రాస్తున్నాడు. మద్రాసులో ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టింది. సోమవారం సాయంత్రంలోగా అది వాళ్ల చేతికి అందాలి. అంటే ఆదివారం సాయంత్రం నాలుగున్నర బండికి తెనాలి స్టేషన్లో టపాపెట్టెలో పడాలి. పదమూడు ప్రకరణాల్లో పన్నెండు అయ్యాయి. తలుపు వేసుకుని కూర్చుంటే ఆదివారం మధ్యాహ్నానికి పదమూడోది కూడా అయిపోతుంది. అడ్డల్లా ఒక్కటే. పదిహేను రోజులకోసారి తండ్రి కొండయ్య బియ్యం మూటతో ఆదివారం పొద్దున్న బస్సుకు వస్తాడు. వస్తే సాయంత్రం దాకా మంచం దిగడు. ఈ ఆదివారం ఆయన వచ్చే వంతు.

పప్పు ఉడుకుతుండగా శేషగిరి తండ్రికి కార్డు రాశాడు.

"ఈ ఆదివారం మీరు రావద్దు. ఇక్కడ ఒక ముఖ్యమైన పని పెట్టుకున్నాను. అది అయ్యాక నేనే వచ్చి అన్నీ చెబుతాను. కోపగించుకోవద్దు. బియ్యం మాత్రం ఇకనుంచి రెండు కుంచాలు ఎక్కువ పంపించండి."

బియ్యం ఎక్కువ ఎందుకంటే, నవల రసపట్టులో పడినప్పుడల్లా అన్నం మాడిపోయేది. ఆ మాట కార్డులో రాయలేదు.

సిరా ఎంతకీ ఆరలేదు. పప్పులో పసుపు వేసి, ఆ చేతులతోనే కార్డు పైమూలలు రెండూ పట్టుకుని స్టవ్వు సెగకు చూపించాడు. వెనక అడ్రసు కూడా ఆరాలిగదా అని తిప్పి, కిందిమూలలు పట్టుకుని మళ్లీ చూపించాడు. అతని మనసు అప్పుడు చేతుల మీద లేదు. కథానాయిక మంజులత చివరికి చావాలా బతకాలా అన్నదాని మీద ఉంది. కాలేజీకి పోతూ కార్డు పోస్టుడబ్బాలో వేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం భట్టిప్రోలులో కొండయ్య నాట్లు చూసుకుని వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మామూలుగా పోస్టుమాన్ కార్డు అరుగు మీద పడేసి పోయేవాడు. ఆవేళ చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

"ఏంటి కొండయ్యగారూ! ఇంట్లో శుభకార్యం పెట్టుకుని మాకు మాటమాత్రం చెప్పలేదు?"

కొండయ్య కార్డు అందుకున్నాడు. నాలుగు మూలలా పసుపు. పసుపు రాసిన ఉత్తరం వచ్చిందంటే ఆ ఊళ్లో పెళ్లి అనే లెక్క. ఆయన కార్డు రెండుసార్లు చదివాడు. పసుపు లేకుండా చదివితే అందులో ఏమీ లేదు. పసుపుతో చదివితే అన్నీ ఉన్నాయి. రావద్దన్నాడు. కోపగించుకోవద్దన్నాడు. ఇకనుంచి బియ్యం ఎక్కువ కావాలన్నాడు.

"ఇద్దరికి సరిపడా అడిగాడు," అంది భార్య బసవమ్మ, స్తంభం పట్టుకుని.

అప్పటికే పక్కింటివాళ్లు గోడ మీంచి తలలు పెట్టారు. "అబ్బాయి పెళ్లా వదినా? ఎక్కడా, ఎప్పుడూ?"

కన్నకొడుకు పెళ్లి కార్డు మీద తెలిసిందని చెప్పుకోవడం బసవమ్మ వల్ల కాలేదు. "తెనాల్లోనే. ఈ ఆదివారమే. పిల్లాడి చదువు పాడవకుండా గుట్టుగా కానిస్తున్నాం. మాకు ముందే తెలుసులే," అంది. అంత చెప్పాక ఊరికే పంపలేక, కొండయ్య పోస్టుమాన్‌కు కొత్త తువ్వాలు ఒకటి కప్పి పంపాడు.

ఆ మాట సాయంత్రం బస్సెక్కి చెరుకుపల్లి చేరింది. చెరుకుపల్లిలో బసవమ్మ తమ్ముడు వీరాస్వామి ఉన్నాడు. ఆయన కూతురు శేషారత్నం శేషగిరికేనని, పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకున్నారు. శనివారం పొద్దున్నే వీరాస్వామి చేతికర్రతో, కూతురితో అక్కగారింటి ముందు దిగాడు.

"దీన్ని తీసుకెళ్లి వాడి ఎదురుగా నిలబెడతా అక్కా. దీని మొహం చూస్తూ ఇంకోదాని మెళ్లో తాళి ఎట్టా కడతాడో చూస్తా."

"నేను రానంటే నాన్న వినడత్తా," అంది శేషారత్నం. ఆ పిల్ల ఎనిమిదో తరగతి దాకా చదివింది. అచ్చు కాగితమైనా చేతిరాతైనా, పకోడీలు కట్టిన పొట్లమైనా, చదవకుండా వదిలేది కాదు.

ఇంతలో సన్నాయి నరసింహం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "మీ తాతగారి పెళ్లికి మా తాత ఊదాడు. మీ పెళ్లికి మా నాన్న ఊదాడు. చిన్నబాబు పెళ్లి నేను లేకుండా అయితే, ఇక ఈ సన్నాయి ఎందుకండి నాకు? కాలవలో పారేసుకుంటా."

వద్దనాలంటే, ఆ పెళ్లికి తమనే పిలవలేదని చెప్పాలి. కొండయ్య చెప్పలేకపోయాడు. నరసింహం డోలు వాయించే మనిషిని కూడా తోడు తెచ్చుకున్నాడు.

ఆదివారం పదిన్నరకు శేషగిరి పదమూడో ప్రకరణం నాలుగో పేజీలో ఉన్నాడు. మంజులత మంచం పట్టింది. సందు చివర సన్నాయి వినిపించింది. ఎవరిదో పెళ్లి అనుకున్నాడు. సన్నాయి దగ్గరైంది. ఎవరో అదృష్టవంతుడు అనుకుని పేజీ తిప్పాడు. సన్నాయి వచ్చి అతని తలుపు ముందే ఆగింది.

తలుపు తీసేసరికి ఎదురుగా తండ్రి, తల్లి, మావయ్య, మరదలు. వాళ్ల వెనక మేళం. మేళం వెనక సందులో వాళ్లంతా.

"ఏదిరా?" అన్నాడు కొండయ్య, బియ్యం మూట కిటికీ పక్కన దించుతూ.

"ఏది నాన్నా?"

బసవమ్మ అప్పటికే తలుపు వెనకా మంచం కిందా చూసి వచ్చింది. "గ్లాసులు రెండున్నాయి!" అంది.

"ఒకటి టీకమ్మా. ఇంకోటి సిరాబిళ్లలు కలపడానికి."

శేషారత్నం రెండు గ్లాసుల్లోకీ తొంగిచూసింది. "ఏది ఏదో తెలిసే తాగుతున్నావా బావా?"

వీరాస్వామి బల్ల మీది కాగితం ఒకటి ఎత్తి కూడబలుక్కుని చదివాడు. "'మంజులత అతని భుజం మీద తల వాల్చింది.' ఎవర్రా ఈ మంజులత?"

"కథలో అమ్మాయి మావయ్యా."

"ఏ ఊరు?"

"ఊరు పెట్టలేదు."

"ఎవరి పిల్ల?"

"ఎవరి పిల్లా కాదు. నేనే పుట్టించాను."

బసవమ్మ మంచం మీద కూలబడింది. లోపల మాటలు గట్టిగా సాగడం విని, కార్యం ముందుకు పోతోందనుకుని నరసింహం బయట ఇంకో కీర్తన అందుకున్నాడు.

ఆ హడావుడికి ఇంటావిడ సుబ్బరత్నమ్మ తడిచేతులతో వచ్చింది. "ఎవరిదండీ పెళ్లి? నా ఇంట్లో నాకు తెలియని పెళ్లేంటి?"

కొండయ్య జేబులోంచి కార్డు తీసి ఆమెకిచ్చాడు. ఆమె చదవనైనా చదవలేదు. మూలలు చూసింది.

"ఇదా! ఒక్కసారి నా వెంట రండి అన్నయ్యగారూ."

గది తలుపు గడియ మీద పసుపు. నీళ్ల పంపు మీద పసుపు. శేషగిరి చదివి ఇచ్చిన ఆమె దినపత్రికకు నాలుగు మూలలా పసుపు.

"మీవాడు పప్పు వండిన రోజు, ఈ ఇంట్లో అన్నీ శుభవార్తలేనండి," అంది సుబ్బరత్నమ్మ.

వీరాస్వామి కర్ర గోడకు ఆనించాడు. ఎవరో వెళ్లి సన్నాయి ఆపించారు. అందరి మొహాలూ కాస్త తేలికపడటం చూసి, ఇదే సమయమనుకుని శేషగిరి ఉన్నదంతా చెప్పేశాడు. నవల, పోటీ, నాలుగున్నర బండి. అలా చెప్పడమే పొరపాటని, అంతా చెప్పేశాక గానీ అతనికి తెలియలేదు.

"అయితే పెళ్లి లేదు," అన్నాడు కొండయ్య.

"లేదు నాన్నా."

"నాట్లు కూలీల మీద వదిలేసి, ఊరందరికీ పెళ్లని చెప్పుకుని, మేళంతో వచ్చాను. రేపు పెళ్లికూతురేదంటే ఏం చూపించను? ఈ కాగితాలా?"

శేషగిరి బల్ల వైపు ఒక అడుగు వేశాడు.

"స్టవ్వు వెలిగించు. ఏవీ అవి?"

కాగితాలు బల్ల మీద లేవు. కిటికీ పక్కన బియ్యం మూట మీద కూర్చున్న శేషారత్నం ఒళ్లో ఉన్నాయి. ఒక్క పేజీ మిగల్చకుండా అన్నీ ఒద్దికగా సర్దుకుంది.

"ఇటియ్యవే. తగలెట్టాలి."

"ఉండు మావయ్యా. ఇంకా రెండో ప్రకరణమే. చదివాక తగలెట్టుకుందువుగాని."

కొండయ్య చెయ్యి చాపాడు. వీరాస్వామి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "చదువుకోనీ బావా. మధ్యలో లాక్కుంటే మూడు రోజులు అన్నం ముట్టదది. ఇంటికెళ్లాక పడేది నేను."

"సరే. అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటా," అని కొండయ్య అగ్గిపెట్టె చేతిలో పెట్టుకుని ఆ పిల్లకెదురుగా బాసింపట్టు వేశాడు.

శేషారత్నం పెదవులు కదుపుతూ చదివే మనిషి. శేషగిరి గడియారం చూశాడు. మెల్లగా మరదలి దగ్గరకు జరిగి, "రత్నం, కాస్త తొందరగా చదువు," అన్నాడు. తండ్రి చేతిలో అగ్గిపెట్టె గలగలమంది. "తొందరేం లేదులే. నిదానంగానే చదువు," అన్నాడు.

ఆమె చదవడం ఆపితే నవల మంటలోకి పోతుంది. ఆపకపోతే బండి పోతుంది. బి.ఏ. పుస్తకాల్లో ఇలాంటి దానికి ఉపాయం ఎక్కడా రాసిలేదు.

పన్నెండు దాటాక ఆమె తలెత్తింది. "బావా, ఈ మంజులత అయిదు ప్రకరణాల్నించీ టీ తాగుతానే ఉంది. అన్నం ఎప్పుడు తింటుంది?"

"ప్రేమలో ఉంది రత్నం."

"ఉంటే?"

ఆరు నెలల్లో శేషగిరికి ఆ ప్రశ్నే రాలేదు. ఆమె మళ్లీ తల వంచుకుంది. మంజులత దగ్గిన చోట ముఖం చిట్లించింది. ఒకచోట కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అది చూసి శేషగిరి గడియారం వంక చూడటం కాసేపు మరిచిపోయాడు.

"అగ్గిపెట్టె ఇటివ్వు, కూర వండాలి," అని బసవమ్మ మొగుడి చేతిలోంచి లాక్కుంది. పెళ్లికని తెచ్చిన వంకాయలు ఎలాగూ ఉన్నాయి. ఒక్క స్టవ్వు మీద అందరికీ వంట అయ్యేసరికి నాలుగు దాటింది. సుబ్బరత్నమ్మ విస్తరాకులు తెచ్చి వేసి తనూ ఒక పక్కన కూర్చుంది. మేళగాళ్లకు అరుగు మీద వడ్డించారు. అగ్గిపెట్టె మళ్లీ కొండయ్య విస్తరి పక్కకు చేరింది.

మొదటి ముద్ద కలుపుతుండగా స్టేషన్ వైపునుంచి బండి కూత వినిపించింది. శేషగిరి చెయ్యి ఆగింది. కూత పూర్తిగా వినబడకుండా పోయేదాకా అతను ముద్ద ఎత్తలేదు. కొండయ్య కొడుకు వంక ఒకసారి చూసి, నెయ్యి గిన్నె అటు జరిపాడు. బసవమ్మ ఎవరినీ అడక్కుండానే అందరికీ కూర మళ్లీ వేసింది.

శేషారత్నం ఒళ్లో చివరి పేజీ అయిపోయింది. మంజులత మంచం మీద ఉండగానే కథ ఆగిపోయింది. కొండయ్య ఎడమచెయ్యి అగ్గిపెట్టె మీదకు పోయింది. శేషారత్నం ఎవరి వంకా చూడకుండా కట్ట తిరగేసి, ఎడమచేత్తో మళ్లీ మొదటి పేజీ తీసింది.