చూడ్డానికే మేపిన ఉడుములు

ఉమ్ అల్ క్వైన్‌లో శుక్రవారం సెలవు. ఆ పూట మంగరాజు పెట్టుకునే పని ఒక్కటే: టీ గ్లాసుతో పెరట్లో కూర్చోవడం, ఇసుక బొరియల్లోంచి ఆకులు మేసే నాలుగు ఎడారి ఉడుములు ఎండ కాచుకోవడానికి వస్తే కళ్లారా చూడటం. ఏడాదిగా వాటికి తోటకూర మేపి మచ్చిక చేశాడు. సిమెంటు దిమ్మెల ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుకి అంతకు మించి గొప్పలేమీ ఉండవు కనుక, ఆ వారం నోరు ఊరుకోక మేనేజరు ముదీర్ ఖల్ఫాన్ దగ్గర కూడా చెప్పుకున్నాడు.

"నాలుగూ బాగా బలిశాయి సార్. తమరొకసారి రావాలి."

ముదీర్ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "జుమ్మాకి వస్తా. అమ్మని కూడా తెస్తా."

శుక్రవారం పొద్దున్నే భార్య నాగరత్నమ్మ పులిహోర కలిపింది. మంగరాజు కుర్చీలన్నీ బొరియల వైపు తిప్పి వేశాడు, సినిమా హాల్లోలా.

పదింటికి పికప్ వచ్చింది. ముదీర్ తల్లి కుర్చీలో కూర్చుంది. ముదీర్ బండిలోంచి పెద్ద డేగిశా, బియ్యం, మూడు డబ్బాల నీళ్లు, ఒక కత్తి దించాడు.

"ఏవండి, కత్తెందుకండి?"

"కూరగాయలకేమోనే."

"కూరగాయలు తేలేదు కదండి ఆయన."

ముదీర్ డబ్బా ఎత్తి బొరియ దగ్గర వంగాడు. "నీళ్లు పోస్తే బయటికొస్తాయి. ఏడాది మేపి మాకు విందు పెడుతున్నావు మంగరాజ్. మావాళ్లలోనే ఇంత మర్యాద చూళ్లేదు."

మంగరాజుకి సంగతి అర్థమైంది. తమ ఊళ్లో పుంజును మేపితే పందేనికి, పొట్టేలును మేపితే కూరకి. చూసి ఆనందించడానికి మేపానంటే తనైనా నమ్మడు. కాదంటే భార్య వీసా పొడిగింపు కాగితం మీద ముదీర్ సంతకం పడదు. ఊరుకుంటే ఉడుములు దక్కవు. ఏమైనా సరే, నాలుగింటినీ కాపాడి తీరాలనుకున్నాడు.

"సార్, ఇవి మందు. మా ఆవిడ మోకాళ్లకి."

అప్పటిదాకా చకచకా తిరుగుతున్న నాగరత్నమ్మ ఉన్నపళంగా కుంటడం మొదలుపెట్టింది.

ముదీర్ డబ్బా దించేశాడు. "ముందే చెప్పొద్దా? ఖలాస్. ఒకటి నా చేత్తో వండి పెడతా అక్కకి."

"తినకూడదు సార్. కదలకుండా కూర్చుని చూడాలి. వారానికోసారి. అదే వైద్యం."

"చూస్తే తగ్గుతుందా?"

"నాకు తగ్గిపోయిందండి," అంది నాగరత్నమ్మ. డేగిశా రెండు చేతులతో ఎత్తి, నిటారుగా నడిచి వెళ్లి, పికప్‌లో పెట్టి వచ్చింది.

ముదీర్ తల్లి ఏమిటని అడిగింది. కొడుకు అరబ్బీలో చెప్పాడు. ఆవిడ కాసేపు ఉడుముల బొరియల్ని, కాసేపు తన మోకాళ్లని చూసుకుంది.

వీసా కాగితం మీద మర్నాడే సంతకం పడింది. ఉడుముల జోలికి ఎవరూ రాకుండా ముదీర్ పెరటి చుట్టూ నిలువెత్తు గోడ కట్టించాడు. ఇప్పుడు ప్రతి శుక్రవారం ఆయన తల్లి వచ్చి, ముసుగు తీసి, తీరిగ్గా మధ్యాహ్నం దాకా ఉడుముల్ని చూస్తుంది. ఆవిడ ఉన్నంతసేపూ పరాయి మగవాడు పెరట్లో ఉండకూడదు కనుక మంగరాజు వీధిలో నిలబడతాడు.

"నాలుగోది కూడా వచ్చిందండి," అని నాగరత్నమ్మ గోడ లోపల్నుంచి చెబుతూ ఉంటుంది.

ముసలమ్మకి నొప్పులు సగం తగ్గాయి; ఆ తగ్గిన సగం, నిలబడి నిలబడి, మంగరాజుకి వచ్చింది.