గుర్తు తెలియని శవాలు లేని రాష్ట్రం

"నెల తిరిగేలోగా ఈ రాష్ట్రంలో గుర్తు తెలియని శవమన్నదే ఉండదు!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. పెద్దాసుపత్రి మార్చురీలో రికార్డులు రాసే గుమస్తాని. చప్పట్లు కూడా డ్యూటీలో భాగమే.

ఇంత గొప్ప ఆలోచన ఊరికే రాలేదు. అంతకుముందు ఆదివారం మంత్రిగారు మనవరాలితో దెయ్యాల సినిమాకి వెళ్లారు. అందులో ఎవరూ గుర్తుపట్టని శవం ఒకటి సొరుగులోంచి లేచి, "నా పేరేంటి?" అంటూ అధికారంలో ఉన్నవాళ్ల పీకలు పట్టుకుంటుంది. మనవరాలు పాప్‌కార్న్ తింటూ చివరిదాకా చూసింది. మంత్రిగారు ఇంటర్వెల్ కాకముందే బయటికొచ్చేశారు. ప్రజాసమస్య మీద అంత వేగంగా కదిలిన నాయకుణ్ణి నేనింకా చూడలేదు.

మర్నాడే స్పెషలాఫీసరు దిగారు.

"మిస్సింగ్ లిస్టులో ఎందరున్నారయ్యా?"

"నలభై ముగ్గురండీ."

"పేరు లేని శవాలు?"

"పదకొండు."

"మరింకేం! పేర్లు అక్కడున్నాయి, మనుషులు ఇక్కడున్నారు. మధ్యలో కోఆర్డినేషన్ లేదంతే."

"డీఎన్ఏ పరీక్ష..." అని నసిగాను.

"దానికి ఆర్నెల్లు. మనకున్నది నెల. వయసూ ఎత్తూ కలిస్తే చాలు."

అంతకన్నా తక్కువ చూసి కుదిర్చిన పెళ్లిళ్లు నాకు తెలుసు.

మూడు వారాల్లో పది కుదిరాయి. మిగిలింది ఏడో సొరుగులోని మనిషి. అతన్ని ఒక కుట్టుపనామెకు తమ్ముడని తేల్చారు. ఆమె రెండేళ్లుగా ప్రతి సోమవారం వచ్చి, కొత్తగా వచ్చినవాళ్లను చూసి వెళుతూ ఉండేది.

"ఈయన మా తమ్ముడు కాదండీ, వచ్చినప్పుడే చూశాను," అందామె, చూడగానే.

"ఎలా చెప్పగలవమ్మా?"

"వాడికి కుడికాలు పొట్టి. ప్యాంట్లన్నీ నేనే కుట్టేదాన్ని. ఒక కాలు అంగుళమున్నర తగ్గించి."

ఆఫీసరుగారు వంగి చూశారు. రెండు కాళ్లూ సమానంగానే ఉన్నాయి.

"పోయాక సాగుతుందమ్మా," అన్నారు.

వైద్యశాస్త్రం ఇంకా అక్కడిదాకా రాలేదు.

"నేను సంతకం పెట్టను."

"నీ ఇష్టం. మీ తమ్ముడి ఫైలు మాత్రం నిన్ననే మూసేశాం. నువ్వు కాదంటే ఇతను అనాథ శవంగా పోతాడు. తేడా అంతే."

ఆమె నావైపు తిరిగింది.

"ఈయన ఎన్నాళ్ల నుంచి ఉన్నాడన్నయ్యా?"

"ఏడాదిన్నర."

"ఎవరూ రాలేదా?"

"లేదమ్మా."

"మావాణ్ణి కూడా ఎక్కడో ఎవరైనా..." అని ఆగిపోయింది. జారిపోయిన దుప్పటిని అతని భుజాల దాకా లాగి, కాగితం ఇలా ఇమ్మంది. ఆ మధ్యాహ్నమే, తన తమ్ముడి పేరుతో అతన్ని దహనం చేయించింది.

నెలాఖరున సభ జరిగింది. ఆఫీసరుగారికి షీల్డు, నాకు ప్రశంసాపత్రం. మంత్రిగారు మార్చురీని స్వయంగా పరిశీలించారు, గుమ్మం బయటి నుంచే. పదకొండు సొరుగులూ ఒక్కొక్కటే లాగించి, ఖాళీ అని రూఢి చేసుకున్నాక నా భుజం తట్టారు.

"ఇంక ఎవరూ లేవరు కదా?"

"లేవరండీ. అందరికీ పేర్లు పెట్టేశాం."

"శభాష్!"

పది రోజుల తర్వాత ఒక ముసలాయన వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరు. జేబులోంచి కొడుకు ఫొటో తీశాడు. ఏడాదిన్నరగా ఊరూరా ఆసుపత్రులు వెతుకుతున్నాడట. మాది పదహారో ఊరు.

ఫొటో చూశాను. ఆ ముఖాన్ని ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున్నే చూశాను.

"ఇక్కడ గుర్తు తెలియనివాళ్లు ఎవరైనా ఉన్నారా బాబూ?"

గోడ మీద నా ప్రశంసాపత్రం కొత్త అద్దంలో మెరుస్తోంది.

"ఒక్కరూ లేరండీ," అన్నాను.

ముసలాయన ముఖం వెలిగిపోయింది.

"అయితే మావాడు బతికే ఉన్నాడన్నమాట! మీ మంత్రిగారు చల్లగా ఉండాలి నాయనా," అని రెండు చేతులూ జోడించి, పదిహేడో ఊరికి బస్సెప్పుడని అడిగాడు.