రెండు ఆంపులకు ఒకే బాక్సు

అల్లూరు పక్కనున్న ఒక పల్లె చర్చిలో ఆ ఆదివారం కోతకాలపు పండుగ. పొద్దున్నే రాజ్ కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కోవూరులో సౌండ్ షాపు నడిపే వినోద్‌ను బతిమాలి తెచ్చిన స్పీకర్ బాక్సును వేదిక పక్కన పెట్టాలి, గిటారు శబ్దాన్ని పెంచే తన ఆంప్‌ను దానికి తగిలించాలి, మెల్లగా గిటారు వాయించాలి, సాయంత్రానికి బాక్సు తిరిగి ఇచ్చేయాలి. మెల్లగా అనేది ముఖ్యం. పాటల బృందాన్ని నడిపే కరుణాకుమారి ముందే చెప్పేసింది.

"ఇంకొక్కసారి ఆ పెట్టె కుయ్యిమనిందంటే వచ్చే వారం నుంచి గిటార్లు ఉండవు. హార్మోనియం చాలు మనకి."

రెండో గిటారు సుశీల్ కుమార్‌ది. అతను తన సొంత ఆంప్ కూడా మోసుకొచ్చాడు.

"నా ఆంప్‌లోనే నీ గిటారూ పెట్టుకోరా," అన్నాడు రాజ్ కుమార్.

"పెడితే నువ్వు నా సౌండ్ తగ్గించేస్తావు. క్రిస్మస్‌కి చేసినావు గదా."

"బాక్సు ఒకటే గదా ఉండేది!"

"దాని వెనకాల బొక్కలు రెండుండాయి. ఎందుకు పెట్టినాడంటా, ఊపిరి పీల్చుకోనా?"

ఆ రెండో బొక్క ఇంకో బాక్సుకు తీగ కలపడానికి. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. తగువు ముదురుతుంటే సంఘపెద్ద సమాధానం తాత వచ్చి తీర్పు చెప్పాడు.

"మా వరి కయ్యలో ఒకే పైపుకి రెండు మోటార్లు తగిలించినాం రా. ఇదీ అంతే. ఇద్దరూ తగిలించుకోని గమ్మునుండండి."

ఆ మోటార్లు తర్వాత ఏమయ్యాయో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

మొదటి పాట బాగానే జరిగింది. రెండో పాటలో రాజ్ కుమార్‌కు తన గిటారు సరిగ్గా వినబడలేదు. సుశీల్ ఎక్కువ పెట్టుకున్నాడనుకుని తనది కొంచెం పెంచాడు. సుశీల్‌కూ అదే అనుమానం. అతనూ పెంచాడు. నిజానికి ఒక ఆంప్ పంపేది సగం రెండోదానిలోకి పోతోంది, రెండోది పంపేది మొదటిదానిలోకి. కాసేపటికి సన్నగా మాడు వాసన మొదలైంది.

కరుణాకుమారి పాడుతూ పాడుతూ ముక్కు ఎగబీల్చింది. మిగతావాళ్ళను పాడుతూ ఉండమని సైగ చేసి, బయట పులావు వండుతున్న చోటికి పరుగెత్తింది.

"అడుగంటతా ఉంది! కట్టెలు లాగండి, నీళ్ళు పొయ్యండి!"

"అడుగంటలేదక్కా," అని వంట చేస్తున్న ఫేబీ చెప్పేలోగా పొయ్యి ఆరిపోయింది.

ఆమె తిరిగి లోపలికి వచ్చేసరికి రెండు ఆంపులూ చచ్చిపోయాయి. ఆమె చూపు తమ మీదే ఉండటంతో ఇద్దరూ తల వంచుకుని, ఉత్త తీగలు మీటుతూ మిగిలిన పాటలన్నీ ముగించారు. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడు ఎవరి ఆంప్ వాళ్ళు ఎత్తుకుని బయటపడ్డారు. "నీ వల్లే", "నీ వల్లే" అని గుసగుసగా తిట్టుకుని, ఒకరు చర్చికి ఈ పక్కకు, ఇంకొకరు ఆ పక్కకు పోయి నిలబడ్డారు. జనం భోజనాలకు లేచాక బాక్సు తెచ్చుకోవచ్చని ఇద్దరూ అనుకున్నారు.

కానీ పులావు ఉడకలేదు. జనాన్ని ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని సమాధానం తాత, భోజనాల తర్వాత జరగాల్సిన వేలాన్ని ముందుకు జరిపాడు. ఏటా కోత అయ్యాక అందరూ తెచ్చిన గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు వేదిక ముందు పెట్టి వేలం వేస్తారు. గుమ్మడికాయల మధ్యలో బాక్సు ఉంది. పక్కన ఆంపులు లేకపోయేసరికి, పొద్దున తను తీర్పు చెప్పిన పెట్టె ఇదేనని తాత పోల్చుకోలేదు.

"ఇదో, ఈ పెట్టె కూడా ఎవరో దేవుడికిచ్చినారు. ఎవరు పాడతారు?"

ఏటా వేలానికి వచ్చే రొయ్యల గుంటల చెంచురామయ్య లేచాడు. "నాకియ్యండి. గట్టు మీద పెట్టి అరిపిస్తే రొయ్యలు తినే నీటికాకులు వాలవు."

ఉత్తరం కిటికీ బయటి నుంచి రాజ్ కుమార్ ఇదంతా చూశాడు. అది కానుక కాదంటే అక్కడెందుకుందో చెప్పాలి. అది చెబితే ఆంపులు కాలిన సంగతీ, ఆ వాసన వల్లే పొయ్యి ఆరిన సంగతీ బయటపడతాయి. గిటార్లకు అదే ఆఖరు. చెయ్యి కిటికీలోంచి లోపలికి పెట్టి ఊపాడు. దక్షిణం కిటికీ దగ్గర సుశీల్ కుమార్ కూడా అచ్చం అట్లాగే ఆలోచించి చెయ్యి ఊపాడు. మధ్యలో జనం. ఒకరికొకరు కనబడలేదు.

"ఉత్తరం కిటికీ పెంచింది! అబ్బో, దక్షిణం కిటికీ ఇంకా పెంచింది!" సమాధానం తాతకు హుషారొచ్చింది.

వేలంపాట కోడిపుంజు ధర దాటింది. "ఈ డబ్బుతో ఆ కాకులకే మేత వేసుకుంటా," అని చెంచురామయ్య కూర్చున్నాడు. అయినా రెండు కిటికీలూ ఆగలేదు. పాట పొట్టేలు ధరకు చేరాక కరుణాకుమారి లేచి, రెండు చేతుల యజమానులనూ లోపలికి పిలిపించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నోరు తెరిచారు.

"ఇచ్చిందీ మీరే, పాడేదీ మీరేనా?" ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. "దేవుడికి ఇంత ఇయ్యాలని ఉండిందా నాయనా?"

ఇద్దరూ తలలూపారు. ఊరికే తెచ్చిన బాక్సును, చెరిసగం వేసుకుని, పొట్టేలు ధరకు విడిపించుకున్నారు.

"ఇంక గిటార్ల సంగతి," అందామె. రాజ్ కుమార్ కళ్ళు మూసుకున్నాడు. "ఎప్పుడూ ఈ రోజు మాదిరే వాయించండి. ఒక్క కూత లేదు, గోల లేదు. మీరు ఉండారనే తెలీలా."

గిటార్లు బృందంలో నిలిచాయి. ఆంపులు బాగు చేయించే మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.