మంటకు కారణమైన ఇంటి నంబరు

పక్కింటి డాబా మీద సోలార్ ప్యానెల్స్ బిగించిన మంగళవారమే ముక్తేశ్వరరావు కడుపులో మంట పుట్టి, ఆ వేడికి ఆయన ఇల్లు మూడు నక్షత్రాల నుంచి రెండుకు పడిపోయింది. ఇంధన పొదుపు కార్యాలయం మనుషులు వచ్చి గేటుకున్న పాత నక్షత్రాల రేకు పీకి, కొత్త రేకు కొట్టి, సంతకం పెట్టించుకుని వెళ్ళారు.

పక్కిల్లు పూర్ణచంద్రరావుది. అక్క సువర్చలను ముక్తేశ్వరరావు, చెల్లెలు హైమవతిని పూర్ణచంద్రరావు చేసుకున్నారు. తోడల్లుళ్ళిద్దరూ పదహారేళ్ళ కిందట ఒంగోలు శివారు కాలనీలో ఒకే మేస్త్రీ చేత ఒకే ప్లానుతో పక్కపక్కనే ఇళ్ళు కట్టించుకున్నారు. అక్కాచెల్లెళ్ళ కోసం మధ్య ప్రహరీలో చిన్న గేటు పెట్టించారు. రెండిళ్ళకూ మూడేసి నక్షత్రాలుండేవి. ఇప్పుడు పూర్ణచంద్రరావు గేటు మీద ఐదున్నాయి.

ముక్తేశ్వరరావు ఫిర్యాదు రాసిచ్చాడు. మూడో రోజు ఆ కార్యాలయం ఇన్‌స్పెక్టర్ దేవసహాయం థర్మామీటరు తీసుకుని ఇంటికి వచ్చాడు.

"వాళ్ళింటి మీద ప్యానెల్స్ పెడితే నా ఇంటికి నక్షత్రం ఎందుకు తగ్గాలండీ?"

"ప్యానెల్స్ వల్ల తగ్గలేదండీ. మీ వల్ల తగ్గింది." దేవసహాయం హాలంతా తిరిగి కొలిచాడు. గుమ్మం దగ్గర ముప్ఫై రెండు డిగ్రీలు, ముక్తేశ్వరరావు కుర్చీ దగ్గర ముప్ఫై తొమ్మిది. "గ్యాస్ పొయ్యి, గీజరు, కడుపుమంట. మూడూ మాకు లెక్కలోకి వస్తాయి. మీరు మూడోది పర్మిషన్ లేకుండా పెట్టుకున్నారు."

సువర్చల తనకు తెలిసింది చెప్పింది. ఆయన పక్కన పెట్టిన పెరుగు గంటలో పులిసిపోతోంది. గుమ్మడి వడియాలు హాల్లోనే ఒక్క పూటలో ఎండాయి. దేవసహాయం వడియాల సంగతి కూడా రాసుకున్నాడు. వెళ్ళేముందు ప్రహరీలో గేటు చూసి, ఇక్కడి వేడి ఆ సందులోంచి పక్కింట్లోకి పోతోందనీ, దాన్ని మూయించాలనీ చెప్పాడు.

"మేమిద్దరం అక్కడే నిలబడి మాట్లాడుకుంటామండీ," అంది సువర్చల.

"ఫోన్లో మాట్లాడుకోండమ్మా. ఫోన్లోంచి వేడి రాదు."

సాయంత్రానికి గేటు తీసేసి ఇటుకలు కట్టారు.

మర్నాడు ముక్తేశ్వరరావు కార్యాలయానికి వెళ్ళి, పక్కింటి మీద ఎన్ని ప్యానెల్సున్నాయని అడిగాడు. ఆరని చెప్పారు. తనకు ఎనిమిది కావాలన్నాడు.

దేవసహాయం ఓపికగా చెప్పాడు. "ప్యానెల్స్ మంటను ఆర్పవండీ. మీ ఇల్లు బయటి నుంచి తీసుకునే కరెంటు తగ్గుతుంది. రేటింగులో మేం చూసేది ఆ తగ్గింపునే. గోడలు పాత గోడలే, మనిషి పాత మనిషే."

"ఎనిమిది పెట్టండి."

ఎనిమిదీ పెట్టారు. పూర్ణచంద్రరావు నీళ్ళ ట్యాంకు నీడ మధ్యాహ్నం మూడింటి నుంచీ వాటి మీద పడుతుందని బిగించాక తెలిసింది. వచ్చిన కరెంటులో సగం ముక్తేశ్వరరావుకు చెరోవైపు పెట్టిన రెండు కూలర్లకే సరిపోయేది. ఇల్లు మూడు నక్షత్రాలకు వచ్చి ఆగింది, అంటే మొదట ఉన్న చోటికే. ఆయన రోజూ మూడింటికి డాబా ఎక్కి, నీడ తన ప్యానెళ్ళ మీద పాకడం చూసి దిగేవాడు. దిగేసరికి చొక్కా గుండీలు చెయ్యి పెట్టలేనంతగా కాలేవి.

మూడో నెలలో ఒక ఉదయం పూర్ణచంద్రరావు గేటు మీద రేకు మారింది. నాలుగు నక్షత్రాలు. ముక్తేశ్వరరావు డాబా మీంచి తొంగి చూస్తే, పూర్ణచంద్రరావు వసారాలో మంచం మీద కడుపుకు తడి తువ్వాలు చుట్టుకుని పడుకుని ఉన్నాడు. ఎనిమిది ఆరు కన్నా ఎక్కువేనని ఇన్నాళ్ళకు అతనికి అర్థమైందన్నమాట. ముక్తేశ్వరరావు కడుపు ఆ క్షణమే చల్లబడింది. కూలర్లు కట్టేశారు. వారం తిరక్కుండా ఆయన ఇంటికి ఐదు నక్షత్రాలు వచ్చాయి.

ఆయనకు ఆకలి పెరిగింది. భోజనం దగ్గర రోజూ అడిగేవాడు. "మీ చెల్లెలింట్లో ఎలా ఉంది?"

"అన్నం సయించడం లేదంట."

"అయ్యో పాపం," అని మారు వడ్డించుకునేవాడు.

పూర్ణచంద్రరావును ఆస్పత్రిలో చేర్చారు. రెండో రోజే పక్క దుప్పటి కమిలిందని నర్సు మందలించింది. హైమవతి ఫోన్లో ఏడ్చింది. సువర్చల వచ్చి భర్త ఎదురుగా నిలబడింది.

"ఒక రెండు తీసెయ్యండి. ఆరూ ఆరూ సమానమైపోతాయి. మా హైమ కోసం."

ముక్తేశ్వరరావు స్పానర్ తీసుకుని డాబా ఎక్కాడు. నిజంగానే తీద్దామనుకున్నాడు. నాలుగు బోల్టులు వదులు చేశాడు కూడా. అక్కడి నుంచి పక్కింటి వసారాలో ఖాళీ మంచం కనిపించింది. దాన్ని చూస్తూ కాసేపు కూర్చున్నాడు. పదహారేళ్ళలో ఆ డాబా మీద అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు. నాలుగు బోల్టులూ మళ్ళీ బిగించి దిగి వచ్చాడు.

"తుప్పు పట్టాయి. రావడం లేదు."

బోల్టుల వయసు మూడు నెలలు. ఆ తర్వాత సువర్చల ఆయన వైపు చూసే చూపు చల్లబడింది గాని, ఆ చల్లదనానికి రేటింగులో మార్కుల్లేవు.

ఏడాది చివర రెన్యూవల్‌కు కార్యాలయం కొత్త ఫారం ఇచ్చింది. అందులో 'మంటకు కారణమైన ఇంటి నంబరు' అని ఒక గడి ఉంది. ముక్తేశ్వరరావు నిండు మనసుతో 'లేదు' అని రాసి కౌంటరులో ఇచ్చాడు. గుమాస్తా ముందు పూర్ణచంద్రరావు ఫారం తెరిచి ఉంది. తలకిందులుగానైనా తన ఇంటి నంబరు అందులో చూసుకుందామని ముక్తేశ్వరరావు మెడ చాచాడు. అక్కడ 126 అని ఉంది. ఆయనది 117.

"నంబరు తప్పు రాసినట్టున్నాడండీ."

"లేదండీ. నిన్న తడి తువ్వాలుతో ఆయనే వచ్చి రాశారు. 126 అంటే వెనక వీధిలో కొత్తగా లేచిన మూడంతస్తులు. లిఫ్టు ఉంది. ఇరవై ప్యానెల్స్."

"నా గురించి ఏమీ అనలేదా?"

"నేనే అడిగాను, పక్కనే కదా అని." గుమాస్తా కాగితాలు సర్దుకుంటూ చెప్పాడు. "'మా అన్నయ్య మీద నాకేముంటుందండీ, పాపం ఎనిమిది పెట్టుకున్నా మూడింటికల్లా నీడే' అన్నారు."

కౌంటరు మీద ఫారాల అంచులు మెల్లగా ముడుచుకోసాగాయి. గుమాస్తా వాటిని పక్కకు జరిపి, గోడకున్న థర్మామీటరు చూసి, ముక్తేశ్వరరావు ఫారంలో ఐదు కొట్టేసి రెండు వేశాడు. తర్వాత ఫారం ఆయన ముందుకు తోశాడు.

ముక్తేశ్వరరావు 'లేదు' కొట్టేసి పూర్ణచంద్రరావు ఇంటి నంబరు రాశాడు. దాని పక్కన 126 కూడా ఇరికించాడు. గడి నిండిపోయింది.

"ఇంకో కాగితం ఉంటుందాండీ?"

గుమాస్తా తలెత్తకుండానే బల్ల కింది కట్టలోకి చెయ్యి పెట్టాడు. "ఎన్ని కావాలి?"

ముక్తేశ్వరరావు కాలనీ మొత్తాన్ని వీధి వీధిగా ఒకసారి తలుచుకున్నాడు.

"ప్రస్తుతానికి నాలుగివ్వండి," అన్నాడు.