నీళ్ళ పరీక్ష పాసైన బూట్లు

శనివారం పొద్దున కాఫీ తాగుతూ ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. బజారుకు వెళ్ళి కొండ నడకకు బూట్లు కొనాలి. ఆదివారం అవి తొడుక్కుని అక్కతో కలిసి కొండ ఎక్కాలి. దిగేలోపు, రెండేళ్ళుగా ఆగిపోయిన మాటలు మళ్ళీ మొదలవ్వాలి. ఇందులో బూట్లు కొనడం ఒక్కటే తేలిక పని అని అందరూ అనుకున్నారు.

ఇంటాయన నీళ్ళ ట్యాంకులు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ అధికారి. ట్యాంకు నిండా నీళ్ళు పోసి వదిలేయడం, మర్నాడు చుట్టూ తడిమి చూడడం, చేతికి తడి తగిలితే ఎర్ర ముద్ర గుద్దడం ఆయన ఉద్యోగం. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని వెనకాల రిజెక్టుగారు అంటారు. కొందరికి ముక్కు మీద ఉంటుంది కోపం. ఈయన కోపానికి ముక్కు దాకా వచ్చే ఓపిక కూడా లేదు.

రెండేళ్ళ కిందట ఆయన అక్క కొత్త ఇల్లు చూడబోయాడు. చూసినవాడు ఇల్లు చూసి ఊరుకోవచ్చు కదా! తిన్నగా మేడెక్కి, అక్కడున్న వేరే కంపెనీ ట్యాంకును తట్టి చూసి, చుట్టాలందరి ముందూ "ఇది ట్యాంకా, జల్లెడా?" అన్నాడు. అక్క మాత్రం తక్కువ తిన్నదా? పెద్దాసుపత్రిలో నర్సులందరి మీదా పెద్ద. ఆవిడ వార్డులోకి అడుగుపెడితే మూలుగుతున్న రోగులు కూడా గొంతు తగ్గిస్తారు. "నా ఇంటికొచ్చి నా ట్యాంకుకే వంకలు పెడతావా? ముందు నీ నోటికి మూత పెట్టుకో" అంది. అంతే. ఒక కడుపున పుట్టిన ఇద్దరూ ఆ రోజు నుంచి ఎడమొహం పెడమొహం. కానీ లోపల తమ్ముడు కుమిలిపోతూనే ఉన్నాడు. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన అక్క ఆవిడ. కోపం వచ్చినప్పుడల్లా ముందు ఆవిడకే ఫోన్ చేసి అరవాలనిపించేది. ఆవిడ లేక ఆ అరుపులన్నీ ట్యాంకుల పాలయ్యేవి.

ఈ రాయబారం నడిపింది ఇద్దరు శాంతమూర్తులు. ఒకరు ఆయన భార్య, పిల్లల లైబ్రరీలో పనిచేస్తుంది, గట్టిగా మాట్లాడడం ఆవిడ వృత్తికే విరుద్ధం. ఇంకొకరు అక్క భర్త, కళ్ళజోళ్ళ షాపు బావగారు. అక్క ప్రతి ఆదివారం కొండ ఎక్కుతుంది. అక్కడికి తమ్ముణ్ణి తీసుకొస్తే సరి అని ఇద్దరూ అనుకున్నారు.

"కొండ దిగేదాకా మీ నోట్లోంచి ఒక్క కోపం మాట రాకూడదు. వచ్చిందో, మీరూ మీ అక్కా ఎటుపోయినా నేనిక మధ్యకి రాను" అని ఇక్కడ భార్య ఒట్టు వేయించుకుంది. అక్కడ బావగారు అక్క చేత అచ్చం అదే ఒట్టు వేయించారు. అక్క ఒట్టు సంగతి తమ్ముడికి తెలియదు, తమ్ముడి ఒట్టు సంగతి అక్కకు తెలియదు. మంచివాళ్ళు చేసే పనులు ఇలాగే ఉంటాయి.

ఆ కొండకు మూడు దారులు. రాళ్ళ దారి, వాగు దారి, మట్టి దారి. ఏ దారిన ఎక్కాలో అక్క కొండ కింద నిలబడి, ఆకాశం చూసి చెబుతుందట. ముందే అడుగుదామంటే మాటలు లేవు. బావగారిని అడగమంటే, అడిగితే తనకు తెలియదని ఒప్పుకున్నట్టు అవుతుందని తమ్ముడి అభిమానం.

షాపులో అమ్మేవాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఏ దారికి సార్?"

"కొండ దారికి."

"అదే సార్, ఏ రకం? రాళ్ళ మీదైతే చీలమండని పట్టుకునే ఎత్తు బూట్లు, అడుగు గట్టిగా ఉండాలి. వాగులోంచైతే చిల్లులున్న చెప్పులు, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయి. మెత్తటి మట్టికైతే తేలిక బూట్లు చాలు, అడుగున పళ్ళుండాలి."

"కొండకి దారులు మూడున్నాయని నాకు కాళ్ళు ఆరున్నాయా? అన్నిటికీ పనికొచ్చేది తియ్యి."

"అన్నిటికీ పనికొచ్చేది దేనికీ సరిగ్గా పనికిరాదు సార్" అన్నాడు వాడు ఇంకా నవ్వుతూనే.

మాట నిజమే కావచ్చు. కానీ నిజం చెప్పేవాడు అంత ఉల్లాసంగా ఉంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆయనకు మండింది. వాడు చూపించిన వాటిలో అన్నిటికంటే బరువైన, ఎత్తైన బూట్లు ఎంచుకున్నాడు. "చుక్క నీరు కూడా లోపలికి రాదు, గ్యారంటీ" అని వాడు చివర్లో నోరు జారాడు. తనిఖీ అధికారి ముందు ఆ మాట అనకూడదని వాడికి ఎవరు చెబుతారు!

భార్య చెవిలో చెప్పింది. "వదినకి కూడా ఒక జత తీసుకుందామండీ. కొలత అన్నయ్యగారిని అడిగి ఉంచాను."

ఆయన మొహం ఒక్కసారిగా మెత్తబడింది. "రంగు ముదురుది తీసుకో. అక్కకి లేతవి నచ్చవు" అన్నాడు.

ఆ రాత్రి భార్య పడుకోగానే ఆయన స్నానాలగదిలో దూరాడు. గ్యారంటీ అట, గ్యారంటీ! ఎవడిచ్చాడు? ఏ పరీక్ష చేసి ఇచ్చాడు? పరీక్ష చెయ్యని సరుకు తను వేసుకుంటే వేసుకున్నాడు, అక్క కాలికి తొడుగుతాడా? నాలుగు బూట్లనూ వరసగా పెట్టి, నాలుగింటినీ నీళ్ళతో అంచుల దాకా నింపి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాడు.

ఆదివారం పొద్దున భార్య కేక విని ఆయన స్నానాలగదికి పరిగెత్తాడు. బూట్ల చుట్టూ నేల తడిమి చూసి లేచి నిలబడ్డాడు. "పాస్! నాలుగూ పాసే. చుక్క కారలేదు."

"బయటి నీళ్ళు లోపలికి రాకూడదండీ. లోపల నీళ్ళు పోసి బయటికి వస్తాయా అని చూస్తారా ఎవరైనా?"

"గోడంటే గోడే. అటు నుంచి ఇటు పోనిది ఇటు నుంచి అటెలా పోతుంది?"

"మరి ఇప్పుడు ఏం తొడుక్కుంటారు, నీటి తొట్లా?"

ఫ్యాక్టరీలో ట్యాంకు ఎప్పటికీ తడిగానే ఉండాలి కాబట్టి, పరీక్ష అయ్యాక ఆరబెట్టడం అనే ఘట్టం ఒకటి ఉంటుందని ఆయనకు తట్టలేదు. జుట్టు ఆరబెట్టుకునే మిషన్ పెట్టి చూశాడు. అది కాసేపు వేడిగాలి ఊది, కాలిన వాసన వేసి, చచ్చింది. టైము ముంచుకొస్తోంది. భార్య చీర మార్చుకోవడానికి గదిలోకి వెళ్ళిన సందు చూసి, నాలుగు బూట్లనూ రొట్టెలు కాల్చే ఓవెన్‌లోకి తోసి మీట తిప్పాడు. పైతోలు చక్కగా ఆరి నిగనిగలాడింది. లోపలి దూది ఆరలేదు. అడుగుల్ని పట్టుకున్న జిగురు మాత్రం హాయిగా మెత్తబడింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. వాసనకి భార్య తుమ్మితే, "కొత్త తోలు వాసన" అన్నాడు.

కొండ కింద అక్క తన పాత బూట్లతో నిలబడి ఉంది. అరిగి, కాలి ఆకారానికి వచ్చేసిన బూట్లు అవి. ఆవిడ మట్టి దారిన తీసుకెళ్దామని ముందే అనుకుని వచ్చింది. ఎంతైనా తమ్ముడికి అలవాటు లేదు.

తమ్ముడు బూట్ల పెట్టె అక్క చేతుల్లో పెట్టాడు. నోరు జారుతుందన్న భయంతో మాటల్ని బరువు తూచి వదిలాడు. "అక్కా, ఇవి మీ కోసం."

అక్కకు గుండెలో కలుక్కుమంది. పుట్టి బుద్ధెరిగాక వీడు నన్ను 'మీరు' అన్నాడా ఎప్పుడైనా? ఒట్టు గుర్తొచ్చి ఊరుకుంది. కొత్త బూట్లతో కొండ ఎక్కకూడదని ఆవిడకు బాగా తెలుసు. అయినా కిందికి వంగి పాతవి విప్పేసి, కారులో పడేసి, కొత్తవాటిలో కాలు పెట్టింది. లోపల చల్లగా, చిత్తడిగా తగిలింది. తమ్ముడి వంక చూసింది. వాడు ఆకాశం వంక చూస్తున్నాడు. తడి బూట్లిచ్చి కక్ష తీర్చుకుంటున్నాడా?

"బాగున్నాయి" అంది.

తమ్ముడు హడలిపోయాడు. అక్క వంక పెట్టకుండా ఒక వస్తువును బాగుందనడం ఆయన పుట్టాక వినలేదు. ఇంత కోపం మింగి ఉందన్నమాట!

అప్పుడు అక్క ఆయన కాళ్ళ వంక చూసింది. ఎత్తు బూట్లు, గట్టి అడుగు. రాళ్ళ దారికి తయారై వచ్చాడు, మట్టి దారి అంటే చిన్నబుచ్చుకుంటాడు అనుకుని, "రాళ్ళ దారి" అని ముందుకు కదిలింది. మూడింటిలో కష్టమైనది ఏరి ఏరి ఎంచి నన్ను చంపడానికే తీసుకెళ్తోంది అనుకుని తమ్ముడు వెనకాల నడిచాడు.

నడక అంటే ఏం నడక! అడుగడుక్కీ మడమ రాసుకుంటోంది. బూటు బరువు, అందులో నీళ్ళ బరువు. ఇద్దరి కాళ్ళ నుంచీ పిచికి పిచికి మని ఒకే చప్పుడు. సగం దూరంలో వాగు అడ్డం వచ్చింది. దారులు మూడూ వేరువేరని చెప్పినవాడెవడో గానీ వాడు జన్మలో కొండ ఎక్కి ఉండడు. వాగు బూటు అంచు దాటి లోపలికి దిగింది, దిగింది దిగినట్టే ఉండిపోయింది. పరీక్ష పాసైన సరుకు కదా, చుక్క బయటికి పోనివ్వదు!

"మీరు ముందు వెళ్ళండక్కా" అన్నాడు పళ్ళు బిగించి.

"పర్లేదు, నువ్వే వెళ్ళు నాయనా" అంది అక్క అంతకంటే బిగించి.

వెనకాల బావగారు మురిసిపోతున్నారు. "చూశావామ్మా, ఎంత చక్కగా మాట్లాడుకుంటున్నారో! మనం ముందే ఈ పని చెయ్యాల్సింది."

అక్క మాత్రం ఆగి, మరదలిని పక్కకు లాగింది. "వాడికి ఒంట్లో ఎలా ఉందే? గంట నుంచి చూస్తున్నా, ఒక్క అరుపు లేదు. మాత్రలేమన్నా మార్చారా?"

"లేదు వదినా, మామూలుగానే ఉన్నారు."

"అది మామూలా?"

అక్క మళ్ళీ నడిచింది గానీ కళ్ళు చెమర్చాయి. వీడి కోపం తనకు తెలుసు. కూరలవాళ్ళ మీదా దారినపోయే వాళ్ళ మీదా అరిచే రకం కాదు. తనవాళ్ళనుకున్న వాళ్ళ మీద, తన ట్యాంకుల మీద అరుస్తాడు. ఇప్పుడు 'మీరు' అంటున్నాడు, 'వెళ్ళండి' అంటున్నాడు. అంటే వీడు తనను లెక్కలోంచి తీసేశాడు. ఆ ఆలోచనతోనే రాయి మీద కాలు వేసింది. కుడి బూటు అడుగు ముందు నుంచి మడమ దాకా నోరు తెరిచింది. ఆవిడ చేతులు ఆనించి పడింది.

తమ్ముడు నాలుగంగల్లో వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఊడి వేలాడుతున్న అడుగు చూశాడు. తడిసిన మేజోడు చూశాడు. దాని మడమ దగ్గర నెత్తురు చూశాడు. ఒట్టు, భార్య, కొండ, అన్నీ ఒక్కసారిగా కొట్టుకుపోయాయి.

"బుద్ధుందా నీకు?" కొండంతా మోగింది. "కాలు ఒరుసుకుపోయి నెత్తురు కారుతుంటే చెప్పకుండా నడుస్తావా? నోరు పడిపోయిందా? ఊరందరి పుళ్ళకీ కట్లు కట్టిస్తావే, నీ కాలు నీకు కనపడదా? అడుగు ఊడి చచ్చి పడితే ఎవర్ని అడగాలి నేను?"

అక్క మొహంలో వెలుగు వచ్చింది. ఆ వెంటనే ఆవిడ గొంతూ లేచింది. "నన్నంటావేంరా? తడి బూట్లెవరిచ్చారు? కొత్త బూట్లేసుకుని కొండెక్కేవాళ్ళని ఎక్కడన్నా చూశావా? నువ్వు తెచ్చావని ఏడ్చుకుంటూ వేసుకున్నా!"

"వేసుకోమని నీ కాళ్ళు పట్టుకున్నానా? తడిగా ఉన్నాయిరా వెధవా అంటే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

"నువ్వు మీరు, మీరు అంటుంటే ఏమనమంటావురా? నన్ను చుట్టాన్ని చేసేస్తావా?"

"రాళ్ళ దారి ఎందుకు తెచ్చావ్ మరి? నన్ను చంపడానికి కాదూ?"

"నీ బూట్లు చూసి తెచ్చాను! లేకపోతే నాకేం సరదానా?"

పైనుంచి దిగుతున్న వాళ్ళు దారి ఇవ్వాలో, కూర్చుని వినాలో తెలియక నిలబడిపోయారు. ఇద్దరూ ఏడుస్తున్నారు, ఇద్దరూ అరుస్తున్నారు, అరుస్తూనే ఆయన తన బూటు తాడు లాగి అక్క బూటుకు చుట్టి ముడి వేస్తున్నాడు. ముడి సరిగ్గా లేదని ఆవిడ ఆయన చేతి మీద కొట్టింది. రెండేళ్ళ బాకీ అది, ఒక్క విడతలో తీరేది కాదు.

బావగారు కంగారుగా అడ్డం వెళ్ళారు. "వద్దు వద్దు, శాంతించండి. ఒట్టు..."

"ఎవరి ఒట్టు?" ఇద్దరూ ఒకేసారి ఆయన వైపు తిరిగారు.

సంగతి బయటపడడానికి ఎంతో సేపు పట్టలేదు. "అంటే నువ్వు కోపం లేక ఊరుకోలేదా?" అంది అక్క. "నువ్వు కూడానా?" అన్నాడు తమ్ముడు. ఆ తరవాత ఇద్దరి గొంతులూ కలిసి శాంతమూర్తుల మీద పడ్డాయి. అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటుంటే మధ్యలో మూత పెట్టడానికి వీళ్ళెవరని, ఇద్దరి నోళ్ళూ కట్టేసి కొండ మీదకి తోలడానికి ఇదేం సంతా అని, అక్క అడిగితే తమ్ముడు అందుకున్నాడు, తమ్ముడు ఆపితే అక్క అందుకుంది. తమ్ముడి ఎడమ బూటు అడుగు ఆ ఊపులోనే ఊడిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

దిగేటప్పుడు అక్క తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ కుంటుకుంటూ, షాపువాణ్ణి, బూట్లను, కొండను పేరుపేరునా తిడుతూ, కడుపు నిండా మాట్లాడుకుంటూ దిగారు. వాళ్ళకు బాగా వెనకగా బావగారూ, తమ్ముడి భార్యా వచ్చారు.

"ఒట్టు ఆలోచన మీదే కదా అన్నయ్యగారూ" అంది ఆవిడ మెల్లగా.

"బూట్ల ఆలోచన నీది కదమ్మా" అన్నారు బావగారు అంతకంటే మెల్లగా.

ఆ తరవాత అక్కా తమ్ముడూ రోజూ ఫోన్లో పోట్లాడుకుంటున్నారు. బావగారికీ, తమ్ముడి భార్యకీ మాత్రం ఇప్పటికీ మాటల్లేవు. కోపం అలవాటు లేని మనుషులు కదా, వచ్చినదాన్ని ఎలా దింపుకోవాలో తెలియక మోస్తున్నారు.